గొడ్లచావిట్లో బుల్లెట్టు

తుక్కు కొనేవాడికి మొహమాటం వుండదు. వాడు వస్తువును చూడడు, తూకం చూస్తాడు. 2023 సంక్రాంతికి మా మేనమామగారి వూళ్లో, గొడ్లచావిట్లో పడివున్న బుల్లెట్టు మోటారు సైకిలుకు అటువంటి ఆసామి ఒకడు ఆరువేల రూపాయలు కట్టాడు. "ఇంజనుంది గనక ఆరు, లేకపోతే నాలుగే" అన్నాడు. మా అత్తయ్య సరేనన్నది. నేను కాదన్నాను. ఆ కాదన్న మాటకు తరువాత ఒక లక్షా పద్నాలుగువేలు ఖర్చయింది. అయితే ఆ లెక్క ముందుగా చెబితే కథ రుచి పోతుంది గనక, బండి సంగతి మొదటినుంచీ చెబుతాను.

మా మావయ్య దివిసీమలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. 1983లో ఆయన ఈ బుల్లెట్టు కొన్నాడు. ఉప్పెన వచ్చి అప్పటికి ఆరేళ్లు. లంకల్లో, కరకట్టల మీద, బురదలో పోయే వుద్యోగం కాబట్టి చిన్న బళ్లు నెలకోసారి చతికిలబడుతున్నాయని, ఇంట్లో చెప్పకుండా సొసైటీలో అప్పు చేసి తెచ్చాడు. చుట్టుపక్కల ఏడెనిమిది వూళ్లలో ఆ బండి చప్పుడు తెలియని గేదె లేదని ఆయనే అనేవాడు. నిజమేననుకుంటాను. అర్ధరాత్రి ఈనలేక అవస్థపడుతున్న పశువుకి, ఆ చప్పుడు వినపడిందంటే పశువు మాటేమోగాని దాని యజమానికి మాత్రం ప్రాణం లేచివచ్చేది.

2012లో మావయ్య పోయాడు. బండి కొడుక్కి వచ్చింది. అంటే నాకు బావమరిది. వాడు ఆ యేడాదే రవాణా కార్యాలయానికి వెళ్లి, యజమాని మరణిస్తే వారసుల పేర మార్చే ఫారం 31 నింపి, కాగితాలన్నీ తన పేర చేయించుకున్నాడు. మా వంశంలో అంత ముందుచూపు గలవాడు వాడొక్కడే. 2019లో, దసరా వెళ్లిన వారానికి, రాత్రి ఎనిమిది గంటల వేళ కరకట్ట మీద వెనకదీపం లేకుండా ఆగివున్న గడ్డి ట్రాక్టరును వాడు గుద్దుకున్నాడు. కుడికాలు రెండుచోట్ల విరిగింది. తొడ ఎముకలో వేసిన స్టీలు కడ్డీ ఇప్పటికీ వుంది. బండిని ఎవరో ట్రాలీలో వేసి తెచ్చి చావిట్లో పడేశారు. అత్తయ్య దానివైపు చూడడం మానేసింది. బావమరిది చావిట్లోకి పోవడమే మానేశాడు. పాలు పిండడానికి కూడా జీతగాణ్ణి పెట్టుకున్నాడు.

ఇక్కడ బుల్లెట్టును గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇది పుట్టుకతో ఇంగ్లీషుది. 1932లో రెడ్డిచ్ అనే వూళ్లోని రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు ఈ పేరుతో మొదటి బండి చేశారు. మన సైన్యం సరిహద్దుల్లో తిరగడానికి ఈ బళ్లే కావాలనడంతో, 1955లో మద్రాసు మోటార్సు వారు ఆ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా స్థాపించి తిరువొత్తియూరులో తయారీ పెట్టారు. త్యాగయ్యగారు త్రిపురసుందరి మీద అయిదు కీర్తనలు చెప్పిన వూరే అది. అమ్మవారి గుడీ, బుల్లెట్టు ఫ్యాక్టరీ ఒకే వూరికి దక్కాయి. తమాషా ఏమిటంటే 1970 నాటికి ఇంగ్లండులో తల్లి కంపెనీ మూతపడింది. మద్రాసులో పిల్ల కంపెనీ బతికి, 1977నుంచి అదే బండిని ఇంగ్లండుకే ఎగుమతి చేసింది. 1994లో ఐషర్ వారి చేతికి వచ్చింది. ఇన్ని చేతులు మారినా లోపలి యంత్రం చాలాకాలం పెద్దగా మారలేదు. డెబ్భై మిల్లీమీటర్ల బోరు, తొంభై మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీలు. మారకపోవడం మంచో చెడో ఇంజనీర్లు చెప్పాలిగాని, నలభైయేళ్ల నాటి బండికి ఇవాళ కూడా సామాను దొరుకుతున్నదంటే అందుకే.

ఇక మేస్త్రి. బెజవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టే షెడ్లలో పన్నెండో యేట సుత్తి పట్టుకున్న మనిషి. ఇప్పుడు యాభై దాటాయి. పదిహేనేళ్లుగా లారీలు మానేసి మోటారు సైకిళ్లే చేస్తున్నాడు. చేయడమంటే మామూలు మరమ్మతు కాదు. వెనక మడ్‌గార్డు కోసేసి, హ్యాండిలు ఎత్తుచేసి, ఏనుగు పాదంలాంటి టైరు తగిలించి, కాలేజీ కుర్రాళ్లు కోరిన రూపంలో బండిని కొత్తగా కట్టి ఇస్తాడు. షెడ్డు ముందు అలాంటివి అయిదారు నిలబడి వున్నాయి. నా వెంట వచ్చిన మా అబ్బాయి కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. ఇంజనీరింగు మూడో యేడు చదువుతున్నాడు. "నాన్నా, మనదీ ఇలాగే చేయిద్దాం" అన్నాడు. మనది ఎప్పుడయిందో నాకు తెలియలేదు.

మేస్త్రి ట్రాలీలోంచి దింపిన మా ఇనప గుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మాస్టారూ, కోసి కట్టమంటే అయిదు నెలలు. ఉన్నదున్నట్టు నిలబెట్టమంటే ఎప్పుడని చెప్పలేను. కోయడం తేలిక, నిలబెట్టడం కష్టం" అన్నాడు. పాతపుస్తకాలతో కాపురం చేసేవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు చప్పున అర్థమయింది. శిథిలమైన తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించేవాడు, ఎగిరిపోయిన పాదాల్లో తన కవిత్వం రాసి నింపడం చిటికెలో పని. బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, వూరూరినుంచీ తెప్పించిన ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్పించాడే, కష్టమంతా అందులో వుంది.

అయితే మా అబ్బాయి నోరు మూయించింది బ్రౌను దొర కాదు, మోటారు వాహనాల చట్టం. 1988నాటి ఆ చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీవారు చెప్పిన వివరాలకు భిన్నంగా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి ఖండితంగా చెప్పింది. సంగతి అడిగితే మేస్త్రి దాచలేదు. "కోసి కట్టిన బండికి తనిఖీలో రెన్యువలు కష్టం సార్. కుర్రాళ్లు వినరు, నాకు పొట్టగడవాలి" అన్నాడు. మా బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ల మొదటి గడువు తీరాక, అయిదేళ్లకోసారి పొడిగిస్తూ వచ్చారు. చివరి పొడిగింపు 2018లో. అంటే 2023తో సరి. బాగుచేసినా తనిఖీ దాటకపోతే అది బొమ్మే. 2021లో వచ్చిన నిబంధనలతో యాభైయేళ్లు దాటిన బళ్లకు పురాతన వాహనాలుగా ప్రత్యేకపు నెంబరు ఇస్తున్నారు గాని, మా బండికి ఆ వృద్ధాప్యం 2033కు గాని రాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు చాసీ దగ్గర వచ్చింది. బుల్లెట్టు చాసీకి ముందువైపు ఒకటే గొట్టం కిందికి దిగుతుంది. అడుగున పూర్తి చట్రం లేదు, ఇంజనే ఎముకగా పనిచేస్తుంది. ట్రాక్టరు దెబ్బకు ముందుచక్రం వెనక్కివచ్చి ఇంజనుకు తగిలింది. ఫోర్కులు వంగిపోయాయి. ఆ గొట్టం కూడా వంగింది. హ్యాండిలు తిరిగే మెడ దగ్గర పెయింటు పొలుసులుగా లేచింది. చాసీ నెంబరు చెక్కి వుండేది ఆ మెడమీదనే. మెడ చిట్లితే వేరే చాసీ కొనాలి. వేరే చాసీ అంటే వేరే నెంబరు, అంటే వేరే బండి. మా మావయ్య బండి అక్కడితో ఆఖరు.

మేస్త్రి చేసిన పరీక్ష చూస్తే ముచ్చటేసింది. మెడ చుట్టూ పెయింటు గీకించి, కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి, గుడ్డతో పొడిగా తుడిచాడు. ఆ పైన సుద్దపొడి రాశాడు. లోహంలో వెంట్రుకవాసి పగులు వున్నా అందులో దూరిన కిరసనాయిలు మెల్లగా పైకి వూరి, తెల్లటి సుద్ద మీద నల్లని గీతగా కనపడుతుందట. నలుగురం గుడ్లప్పగించి ఆ మెడవంక చూస్తూ నిలబడ్డాం. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. పరీక్ష ఫలితాల రోజున మా కాలేజీ నోటీసు బోర్డు ముందు పిల్లలు ఎందుకు అలా వుంటారో నాకు అప్పుడు తెలిసింది. గీత రాలేదు. "మెడ బతికింది" అన్నాడు మేస్త్రి, టీ తెమ్మని కుర్రాణ్ణి కేకేస్తూ.

గొట్టాన్ని నిప్పు పెట్టకుండా, చల్లగా వున్నప్పుడే, దిమ్మకు బిగించి జాకీతో రోజుకు కొంచెం చొప్పున తీశాడు. వేడిచేస్తే త్వరగా వస్తుందిగాని గొట్టం బలం పోతుందన్నాడు. చక్రాలు తగిలించాక వెనక టైరు పక్కనుంచి ముందు టైరుదాకా రెండువైపులా నూలుదారం లాగి కట్టి, దారానికీ టైరుకీ మధ్య సందు కొలిచాడు. రెండువైపులా ఒకేలా వస్తేనే బండి తిన్నగా నడుస్తుంది. తాపీపనివాడి దారమే, పడుకోబెట్టారంతే. వంగిన ఫోర్కు గొట్టాలను మాత్రం తిన్నగా తీయనన్నాడు. "ఒకసారి వంగింది మళ్లీ అక్కడే వంగుతుంది. ఇది మీ చుట్టాల ప్రాణం" అని కొత్తవి తెప్పించాడు. ఎక్కడ పాతది వుంచాలి, ఎక్కడ వుంచకూడదు అనే వివేకానికి అతను డబ్బు వసూలు చేయలేదుగాని, నా లెక్కలో అసలు కూలి దానిదే.

ఇంజను పట్టేసుకుపోయి వుంది. నాలుగేళ్ల తేమ. ప్లగ్గు వూడదీసి ఆ కంతలో డీజిలు పోసి, వారం రోజులు నానబెట్టాడు. కదిలాక విప్పితే బోరు గీతలు పడి వుంది. లేత్ మీద అరమిల్లీమీటరు తీయించి, కొత్త పిస్టను వేశాడు. వైరింగును ఎలుకలు భోంచేశాయి. పెట్రోలు ట్యాంకులో దోసెడు తుప్పు. అందులో గుప్పెడు నట్లు వేసి, ఇద్దరు కుర్రాళ్లు వెన్న చిలికినట్టు రెండురోజులు చిలికారు. ఇవి చెప్పుకుంటూ పోతే పత్రిక చాలదు.

శ్రావణానికి ఇస్తానన్నవాడు దసరాకన్నాడు. దసరాకు దీపావళన్నాడు. ఆ ఆలస్యంలో అతని తప్పు సగమే. క్రోమ్ పూత వేసేవాళ్లు తగ్గిపోయారు. పాతపూత తీసి, అద్దంలా సానబట్టి, రాగి, దానిమీద నికెలు, దానిమీద క్రోమ్ వేయాలి. ఆ తొట్టెల్లో వాడే క్రోమియం ఆమ్లం విషం. పీల్చినవాడి ముక్కునే తినేస్తుంది. అందుకని ఆ కొట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మిగిలిన ఒక కొట్టువాడు మా సైలెన్సరును రెండునెలలు తనదగ్గరే వుంచుకుని, ఆఖరికి ఇంకెవరిదో ఇచ్చాడు. మా మేస్త్రి వెళ్లి, బేరం కాదు, తగువాడి, మాది వెతికి తెచ్చాడు.

ట్యాంకు మీద బంగారు గీతల సంగతి వేరు. తిరువొత్తియూరులో అవి స్టిక్కర్లు కావు, కుంచె చేతబట్టి ఒంటిచేత్తో గీసేవారు. ఆ చెయ్యి మన వూళ్లో ఎక్కడ దొరుకుతుందంటే, మేస్త్రి నన్ను గాంధీనగరులో ఒక సందులోకి తీసుకుపోయాడు. ఒకప్పుడు సినిమా ఆఫీసులన్నీ అక్కడే. ఇరవై అడుగుల హీరోల బొమ్మలు వేసిన చిత్రకారుడొకాయన, ఫ్లెక్సీలు వచ్చి పని పోయాక, దుకాణాల తలుపుల మీద అంకెలు రాసుకుంటున్నాడు. డెబ్భయికి దగ్గర. చెయ్యి వణుకుతున్నది. నాకు భయం వేసింది. కుంచె ట్యాంకుకు ఆనించేసరికి ఆ వణుకు ఏమయిందో తెలియదు. ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్క వూపిరిలో లాగేశాడు. రెండు గీతలకూ కలిపి ఎనిమిదివందలడిగాడు. వెయ్యి ఇచ్చాను. మిగతా రెండువందలు తిరిగి నా జేబులో పెట్టి, "గీతకు నాలుగువందలు బాబూ, హీరోలకయితే వేరే రేటు" అన్నాడు.

మేస్త్రికీ నాకూ అసలు వాదం పెట్టె దగ్గర వచ్చింది. మావయ్య, సీటు వెనక, ఆ వూరి కమ్మరిచేత పట్టీలు సాగగొట్టించి ఒక క్యారేజీ చేయించి, దానిమీద రేకుపెట్టె బిగించుకున్నాడు. వెల్డింగు లేదు, అంతా రివెట్లే. సూదులు, మందులు, పశువు నోరు తెరిచి మందు పోసే వెదురుగొట్టం అందులో వుండేవి. పిల్లలమైన మాకు నిమ్మతొనలు కూడా. మేస్త్రి దాన్ని విప్పి తుక్కులో పడేశాడు. "కంపెనీ బండి కావాలన్నది మీరే గదా మాస్టారూ! కంపెనీలో ఈ పెట్టె లేదు."

న్యాయంగా ఆలోచిస్తే అతని మాటే సబబు. పరిష్కర్త భాషలో ఆ పెట్టె ప్రక్షిప్తం. మూలగ్రంథకర్తది కాదు, తరువాతివాడెవడో చేర్చింది. శుద్ధప్రతిలోంచి తీసేసి అట్టడుగున చూపాలి. కాని మోటారు సైకిలుకు అట్టడుగు సూచికలు ఎక్కడ వేస్తాం? పైగా తిరువొత్తియూరులో ఒక్క అచ్చున వేలకొద్దీ బళ్లు పోశారు. ఈ పెట్టె ఈ భూమిమీద ఒక్కదానికే వుంది. నేను వాదించి నెగ్గలేకపోయేవాణ్ణేమో. మేస్త్రే పెట్టె మూత తెరిచి చూసి ఆగిపోయాడు. లోపలివైపు మేకుతో గీసిన అంకెలు వున్నాయి. ఏ వూరికి ఎన్ని మైళ్లో మావయ్య రాసుకున్న పట్టిక. కిలోమీటర్లు కాదు, మైళ్లే. కింద వరసగా గీతలు, అయిదేసి చొప్పున కట్టలు కట్టి. బహుశా పుట్టిన దూడల లెక్క. మేము లెక్కపెడితే రెండువందల పన్నెండు వచ్చాయి. తనిఖీకి అడ్డమేమోనని చూశాం. నాలుగు బోల్టులతో బిగిసేది, విప్పితే వూడేది, కాగితాల్లోని ఏ వివరాన్నీ మార్చదు. మేస్త్రి బయటివైపు నల్లరంగు వేయించాడు. లోపలివైపు కుంచె తగలనివ్వలేదు.

2024 ఫిబ్రవరిలో ఫారం 25 దాఖలు చేసి, ఆలస్యానికి పడ్డ అపరాధం కట్టి, తనిఖీకి తీసుకుపోయాం. ఆ ఇన్‌స్పెక్టరు కుర్రవాడు. చాసీ నెంబరు కాగితం మీద పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు, దీపాలు, హారను, బ్రేకులు చూశాడు, అన్నీ చూశాక తనొకసారి నడిపి చూస్తానన్నాడు. కుడికాలితో గేరనుకోక బ్రేకు తొక్కబోయి బండి ఆపేశాడు. ఈ పాత బళ్లకు గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. చిరునవ్వు నవ్వి సంతకం పెట్టాడు. అయిదేళ్లకు ఆయువు పోశాడన్నమాట.

మా ఆవిడ మాత్రం మొత్తం లెక్క విని, "ఏమండీ, ఆ డబ్బుకు నాకొక గొలుసు వచ్చేది గదా!" అన్నది. "ఆ గొలుసు మీద మనం బందరు వెళ్లిరాలేం" అన్నాను. ఆ జవాబుకు నాలుగు రోజులు పప్పులో వుప్పు తక్కువైంది.

ఇంతకూ బండి నాది కాదు. కాగితాలు బావమరిదివి. నేను దాన్ని నడుపుకుంటూ వాళ్ల వూరికి తీసుకుపోయిన రోజున మేస్త్రి కూడా తన బండిమీద వెనకాలే వచ్చాడు. చప్పుడు విని వీధి అరుగుల మీది ముసలివాళ్లు తలలెత్తారు. అత్తయ్య వంటింట్లోంచి రాలేదు. బావమరిది వచ్చాడు, కర్ర లేకుండానే. ఆరడుగుల దూరంలో నిలబడిపోయాడు.

"చాలా బావుంది బావా. నువ్వే వుంచుకో" అన్నాడు. "నేను కిక్కు కొట్టలేను. కాల్లో కడ్డీ వుంది."

"కిక్కుకు బలం కావాలని ఎవరన్నారు?" అన్నాడు మేస్త్రి. బండికి స్టాండు వేసి, తాళం తిప్పి, హెడ్‌లైటు మీది చిన్న ముల్లు చూపించాడు. కరెంటు ఎటు పోతున్నదో చెప్పే ముల్లు అది. "కిక్కు మీద కాలుపెట్టి మెల్లగా నొక్కండి. ముల్లు ఎడమకు వాలింది చూశారా? ఇంకా నొక్కండి. లేచి మధ్యకు వచ్చిందా? అక్కడ ఆపండి. అంటే పిస్టను పైకొచ్చి గాలిని బిగబట్టుకుని వుందన్నమాట. ఇప్పుడు కొడితేనే ఎదురుతన్నేది. ఎడమచేతి దగ్గర ఈ చిన్న మీట పట్టుకోండి. వాల్వు తెరుచుకుని గాలి పోతుంది. కిక్కు ఒక్క వేలెడు కిందికి దించండి. మీట వదిలెయ్యండి. ఇప్పుడు తొక్కండి. తన్నకండి, మెట్టు దిగినట్టు దిగండి."

మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి ఒక దగ్గు. బావమరిది చెమటతో తడిసిపోయాడు, శ్రమవల్ల కాదు. మూడోసారి అందుకుంది. ఆ నెమ్మది చప్పుడు చావిట్లోని గేదెలదాకా పోయింది. అవి కొత్తవి, వాటికేం తెలుసు! వాడు ఎక్కలేదు. ఆ రోజు ఎక్కలేదు. హ్యాండిలు మీద చేయివేసి, ముల్లు వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఎనిమిది రోజుల తరువాత ఫోను చేసి, కాలువగట్టుదాకా వెళ్లివచ్చాననీ, రెండో గేరు దాటలేదనీ, కొంచెం కోపంగా చెప్పాడు.

అత్తయ్య బయటికి వచ్చింది ఇంజను ఆపేశాక. బండిని పైనుంచి కిందికి చూడలేదు. ట్యాంకు గీతలు చూడలేదు, క్రోమ్ చూడలేదు. తిన్నగా వెనక్కి పోయి, పెట్టె మూత ఎత్తి, లోపలి గీతల మీద వేలు పెట్టి కాసేపు చూసింది. మేస్త్రికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తరువాత నావైపు తిరిగి, "దీనికి ఇత్తడి తాళం వుండాలి గదరా, ఏదీ?" అన్నది.

ఆ తాళం కోసం మేస్త్రి ఇంకా వెతుకుతున్నాడు.